ఏనుగుకు నలుగు

మొన్న మా ఎదురింట్లో పెళ్లి జరిగింది. జగదల్‌పూర్‌లో మేముండే వీధిలో తెలుగిళ్లు మూడే. ఒకటి వాళ్లది, రెండోదానికి నాలుగేళ్లుగా తాళం, మూడోది నాది. ముత్తయిదువల లెక్కలో నేను రాను గానీ, పసుపు కలపడానికీ మధ్యమధ్య పాట అందుకోవడానికీ తెలుగు తెలిసిన మనిషి కావాలి కదా, పిలిచారు. వెళ్లాను. వాకిట్లో పీట వేసి పెళ్లికూతురిని కూర్చోబెట్టి, నలుగురు ఆడవాళ్లు చుట్టూ చేరి, శనగపిండీ పసుపూ నూనే కలిపిన ముద్దతో ఆ పిల్ల చేతులూ కాళ్లూ రుద్దుతున్నారు. అప్పుడే వాకిలి కడిగినట్టున్నారు, ఫినాయిలు వాసన ఇంకా పోలేదు. ఆ రెండు వాసనలూ ఒక్కసారి ముక్కుకు తగిలేసరికి నా నోట్లోంచి ఒక మాట జారిపోయింది. "అంత రుద్దకండమ్మా, ఒంటి వాసనంత పోతది" అన్నాను. చేతులన్నీ ఆగిపోయాయి. పెళ్లికూతురి మేనత్త నా వైపు చూసి, "పోతే పోనియ్యి, పెండ్లిల ఒంటి వాసనతోని పనేందక్కా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒక ఆడపిల్ల నలుగు దగ్గర కూర్చుని, నాకు ఏనుగు గుర్తొచ్చిందని ఎవరితో చెప్పుకుంటాం? పసుపు గిన్నె వాళ్ల చేతికిచ్చి, మోకాళ్ల నొప్పులని చెప్పి ఇంటికొచ్చేశాను.

నేను తెలుగు సరిహద్దున ఉన్న భోపాల్‌పట్నం మనిషిని. నాన్న తరువాత అన్న నడుపుతున్న కిరాణా దుకాణం ఇప్పటికీ అక్కడ ఉంది. చదువయ్యాక నాకు పశువుల ఆసుపత్రిలో లాబ్ ఉద్యోగం వచ్చింది. పేడ, రక్తం, చీము, ఇలా మనుషులు ముక్కు మూసుకునే వాటన్నిటినీ గాజు పలక మీద పరిచి కన్ను పెట్టి చూడడం నా పని. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని ఒక వయసు దాకా అందరూ అడిగారు, ఆ తరువాత మానేశారు. మానేసినప్పుడు కొంచెం హాయిగానూ కొంచెం బాధగానూ అనిపించిందని ఒప్పుకుంటాను. అక్కడా ఇక్కడా తిప్పి, చివరికి నన్ను జగదల్‌పూర్ పొలిమేరలో ఉన్న ఒక చిన్న జంతుశాలకు వేశారు. జంతుశాల అంటే పెద్దగా ఊహించుకోకండి. ఓ ఇరవై జింకలు, రెండు ఎలుగుబంట్లు, కదలగా ఎవరూ చూడని ఒక మొసలి, ఒక ఏనుగు. ఉండడానికి గేటు పక్కనే ఒక గదీ వంటిల్లూ ఇచ్చారు. సాయంత్రం ఐదింటికి గేటు మూసేశాక మాట్లాడడానికి ఎవరూ ఉండేవారు కాదు. రేడియో పెట్టుకుని, అందులో వార్తలు చదివే మనిషికి అప్పుడప్పుడు ఎదురు సమాధానం చెప్తూ ఉండేదాన్ని. ఇప్పుడా జంతుశాల కూడా లేదు, మూసేశారు.

ఏనుగును చూసుకునే మనిషిని అందరూ కాకా అనేవారు. హిందీవాళ్లూ కాకా అనేవారు, ఇక్కడి హల్బీ భాష మాట్లాడేవాళ్లూ కాకా అనేవారు. మా భోపాల్‌పట్నం వైపు కాక అంటే నాన్న తమ్ముడు. అందుకని ఆ ఊరంతటిలో నేను నిజంగా వరస కలిపి పిలిచిన మనిషి ఆయనొక్కడే. ఆయనది ఆవపల్లి దగ్గర దోర్ల గిరిజన కుటుంబం. ఇంట్లో ఒక మాట, సంతలో ఒక మాట, ఆఫీసులో ఒక మాట, నాతో మాత్రం తెలుగు. నడివయసు దాకా గేదెలు కాచాడు. రాష్ట్రానికి ఉత్తరాన అడవిలో గుంటలో పడి గుంపు వదిలేసిన ఒక ఏనుగు గున్నను లారీలో తెచ్చి ఇక్కడ దింపినప్పుడు, గేదెలు తెలిసినవాడివి కదా చూసుకో అని పనిలో పెట్టారట. మా బస్తరులో ఏనుగుల సంగతి తెలిసినవాళ్లు అప్పుడు ఎవరూ లేరు. ఏనుగు ఎలా ఉంటుందో ఏనుగు దగ్గరే నేర్చుకున్నాడాయన. దానికి కాగితాల మీద గొప్ప దేవత పేరొకటి ఉండేది. కాక మాత్రం 'పిల్ల' అనేవాడు. నేను వెళ్లేనాటికి ఆ పిల్ల వయసు ఇరవై దాటింది, బరువు చెప్పక్కర్లేదు.

రోజూ పొద్దున కాక చేసే చాకిరీ చూడడానికి నేను టీ గ్లాసు పట్టుకుని వెళ్లేదాన్ని. ముందు లద్దెలు లెక్కపెట్టి, ఒకటి చేత్తో విరిచి, ఆకులు సరిగ్గా అరిగాయో లేదో చూసేవాడు. తరువాత పైపుతో నీళ్లు కొట్టి, కొబ్బరిపీచుతో ఒళ్లంతా తోమేవాడు. తరువాత కాళ్లు. అడవిలో తిరిగే ఏనుగుకు గోళ్లు వాటంతటవే అరిగిపోతాయి, సిమెంటు గచ్చు మీద నిలబడే ఏనుగుకు పెరిగి, పగిలి, చీము పడతాయి. కాక ఒక చిన్న పీట మీద కూర్చుని "కాలియ్యి" అనేవాడు. అది ఆ కాలును పొట్టి దిమ్మ మీద పెట్టి, ఆకురాయితో ఆయన గోళ్లు రుద్దుతున్నంతసేపూ ఆయన జేబులో ఇప్పపువ్వు కోసం తొండంతో వెతికేది. ఏనుగుకు ఇప్పపువ్వు పెట్టరాదని డాక్టరు గారి నిషేధం. జేబులో ఎందుకుందని నేనడిగితే, "నాకోసమే బిడ్డా" అనేవాడు. సోమవారాలు నా వంతు. కాక "చెవియ్యి" అనగానే అది విసనకర్రంత చెవిని ముందుకు వంచి నిలబడేది, వెనక నరంలోంచి నేను రక్తం తీసేదాన్ని. ఒక్కసారి కూడా చెవి లాక్కోలేదు. మా అన్న కొడుకు జ్వరానికి సూది వేయించుకోవడానికి దుకాణంలో బస్తాల వెనక దాక్కునేవాడు, వాడికి ఈ ఏనుగు సంగతే చెప్పేదాన్ని.

దాని బాధ మాకు తెలియంది కాదు. పని అయిపోయి కాక అటు తిరగగానే అది ఊగడం మొదలుపెట్టేది. ఎడమకాలు మీదికి, కుడికాలు మీదికి, తల అటూ ఇటూ, గంటలు గంటలు. చూడ్డానికి వచ్చిన పిల్లలు "నాచ్ రహా హై" అని చప్పట్లు కొట్టేవారు. అది నాట్యం కాదని చెప్పడం నేను కొన్నాళ్లకు మానేశాను. పొద్దున జగదల్‌పూర్ స్టేషన్ నుంచి రైలు కదిలేటప్పుడు కూత వినిపించేది. వెంటనే పిల్ల ఊగడం ఆపి, చెవులు విప్పి, గొంతు లోపలినుంచి ఒక శబ్దం చేసేది. ఆ శబ్దం చెవికన్నా ముందు అరికాళ్లకు తెలిసేది. "రైలును ఏనుగనుకుంటది బిడ్డా" అన్నాడు కాక ఒకరోజు. "రైలు జవాబియ్యదు గదా కాకా" అన్నాను. "ఇయ్యకపోతే ఏంది? రేపు మళ్లొస్తది గదా" అన్నాడాయన. ఆ మాట ఏనుగు గురించి అన్నాడో, ఆవపల్లిలో ఏనాడో కన్నుమూసిన భార్య గురించి అన్నాడో నేను అడగలేదు. నా గదిలో రేడియో గురించి మాత్రం ఆయనకు తెలియదు.

ఇలా ఉండగా పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఏ జంతుశాలలోనూ ఏనుగును ఒంటరిగా ఉంచకూడదు, జత అయినా చూపించండి, లేదా గుంపున్న చోటికి పంపించండి అని. మా డాక్టరు రాయ్‌పూర్ కుర్రవాడు, ఉత్సాహవంతుడు. ఎక్కడెక్కడికో రాసి, రాష్ట్రం అవతల ఆడఏనుగుల గుంపున్న ఒక పెద్ద జంతుశాల నుంచి ఒక మగఏనుగును ఏడాదికి అరువు తెచ్చే ఏర్పాటు చేశాడు. షరతు ఒకటే. ఏడాదిలోపు మన ఏనుగు కడుపుతో ఉంటే మన దగ్గరే ఉంటుంది, వయసైపోయిన మగదాన్ని కూడా దానికి తోడుగా ఇక్కడే వదిలేస్తారు. లేకపోతే మగఏనుగును తీసుకెళ్లడానికి వచ్చే లారీల్లోనే మనదీ వెళ్లిపోతుంది. ఈ సంగతి కాకకు నేనే తెలుగులో చెప్పాను. ఆయన ఆకురాయి కింద పెట్టి, "ఏడాదిల ఎన్ని అదునులుంటయి బిడ్డా?" అని అడిగాడు, పొలం గురించి అడిగినట్టే. ప్రతి సోమవారం తీసిన రక్తంలో తేటను ఐసు పెట్టెలో పెట్టి రాయ్‌పూర్ బస్సుకు ఇస్తే, గురువారానికి ఫోనులో హార్మోను అంకె వచ్చేది. ఆ అంకెను గళ్ల కాగితం మీద చుక్క పెట్టేదాన్ని. చుక్కలు కొన్ని వారాలు పైనుంటాయి, దిగుతాయి. దిగిన కొన్ని వారాలకు ఆడఏనుగుకు రెండు మూడు రోజులు మాత్రమే అదును. ఆ లెక్కన మాకు మూడు అదునులున్నాయి. అదే చెప్పాను.

మగఏనుగు పెద్దమనిషిలా దిగింది. దాని వెంట వచ్చిన మావటిని అందరూ భాయి అనేవారు. మాట తక్కువ, మర్యాద ఎక్కువ, ఒకరి ఇంటి పనుల్లో వేలు పెట్టని మనిషి. రెండిటి మధ్య ఇనప పట్టాల కంచె వేశారు. మొదటి అదును రోజులు నా కాగితం మీద తేలగానే డాక్టరు తేదీ పెట్టాడు. దానికి ముందు వారం నేను సెలవు మీద భోపాల్‌పట్నం వెళ్తున్నానని తెలిసి కాక లాబ్‌కు వచ్చి, కాసేపు రక్తం తేర్చే సెంట్రిఫ్యూజ్ గిరగిర తిరగడం చూసి, చివరికి సంగతి చెప్పాడు. "మీ దుకాణంల మంచి పసుపుంటది గదా బిడ్డా. మూడు కిలోలు తేవా? ఆడపిల్లను అట్లనే ఎట్ల చూపిస్తం?" నాకు నవ్వొచ్చింది, కళ్లు కూడా చెమర్చాయి. అమ్మా అయ్యా లేని పిల్ల, పెంచినవాడు పెళ్లి చేస్తున్నాడు, ఇందులో కాదనడానికి ఏముంది? దుకాణంలో మా వదిన పసుపు తూస్తూ, "ఇంత పసుపు ఎందుకు? ఎవరి పెండ్లి?" అని నా ముఖంలోకి ఆశగా చూసింది. "మా దగ్గర పనిచేసే పిల్లకు" అన్నాను. ఆమె ముఖంలో ఆశ దిగిపోవడం చూసి, ఇంకో అరకిలో శనగపిండి కూడా కట్టమన్నాను.

డాక్టరు పెట్టిన తేదీన తెల్లారగానే పెళ్లి పనులు. ఇప్పనూనెలో పసుపూ పిండీ కలిపి బకెట్టు నిండా ముద్ద చేశాం. నిచ్చెన వేసుకుని నేను వీపు రుద్దాను, కాక కాళ్లూ పొట్టా రుద్దాడు. తరువాత వియ్యాలవారు వస్తున్నట్టు గచ్చంతా ఫినాయిలుతో మూడుసార్లు కడిగించాడు. చుక్క మూత్రం, చిటికెడు లద్దె కనబడకుండా. పదింటికి డాక్టరు వచ్చి చూసి, ఇంత శుభ్రంగా ఉన్న ఏనుగుశాల ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు. కంచె తలుపు తీశారు. మగఏనుగు నెమ్మదిగా వచ్చి, పిల్ల చుట్టూ ఒకసారి తిరిగి, తొండం చివర దాని వెనక భాగానికి తాకించి, ఆ తొండాన్ని నోట్లో పెట్టుకుని, గట్టిగా తుమ్మింది. పసుపు పొడి గాలిలో ఎగిరింది. అది నేల వాసన చూసింది, మళ్లీ తుమ్మింది. తరువాత మూలకు వెళ్లి రావి కొమ్మ విరుచుకుని తినడం మొదలుపెట్టింది. మూడు రోజులు ఇదే తంతు. మూడు రోజులూ మేం ఇంకొంచెం ఎక్కువ పసుపు పూశాం. మగదానికి వయసైపోయిందని డాక్టరు తేల్చాడు. రెండో అదునుకు కాక ఇంకా నిష్ఠగా చేశాడు. ఈసారి నూనె ముందురోజే పట్టించి, అరగంట నానబెట్టి మరీ తోమాం. రెండోసారీ తుమ్ములే మిగిలాయి.

ఆ రెండో అదును చివరి రోజు భాయి బీడీకి నిప్పు కోసం పొద్దున్నే మా వైపు వచ్చాడు. నిచ్చెన మీద నేను, కింద కాక, మధ్యన పచ్చగా మెరిసిపోతున్న ఏనుగు. ఆయన బకెట్టులోకి చూశాడు, ఫినాయిలు డబ్బా చూశాడు, నెమ్మదిగా పీట మీద కూర్చుండిపోయి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తరువాత హిందీలో చెప్పాడు. "కాకా, ఆడఏనుగు తన సంగతంతా తన మూత్రంలో, తన ఒంటి వాసనలో చెప్పుకుంటుంది. మావాడు చదివేది అదే. పాపం రెండు అదునుల నుంచీ అది చిట్ఠీ రాస్తూనే ఉంది, మీరిద్దరూ రోజూ పొద్దున్నే కడిగేస్తున్నారు." నిచ్చెన మీద నా చేతులు ఆగిపోయాయి. కాక గేదెలు కాచినవాడు, అడవిలో మేసే గేదెల మందను ఎవరూ కడగరు, అందుకే ఆయనకు తట్టకపోవచ్చు. నాకేమైంది? వారం వారం ఆ ఏనుగు రక్తం చదివినదాన్ని, గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టినదాన్ని. పసుపు తెచ్చిందీ నేనే. ఇదొక్కటే కారణమని ఏ కాగితం మీదా రాయలేను గానీ, రెండు అదునులు నా చేతులతోనే కడిగేశానని నాకు తెలుసు. డాక్టరుకు ఈ సంగతి మేం ముగ్గురమూ చెప్పలేదు. కాక మాత్రం ఆ రోజంతా అన్నం ముట్టలేదు. "ఒక్కటే మిగిలింది బిడ్డా" అన్నాడు సాయంత్రం.

మూడో అదునుకు ముందు పన్నెండు రోజులు స్నానం లేదు, కడగడం లేదు. ఫినాయిలు డబ్బాలు నా లాబ్ బీరువాలో పెట్టి తాళంచెవి కొంగున కట్టుకున్నాను. కాకకు అది పెద్ద శిక్ష. "ఒక్క మూలకన్న చెంబెడు పోస్త" అని రోజూ వచ్చి బతిమాలేవాడు, నేను ఒప్పుకునేదాన్ని కాదు. పిల్ల దుమ్ము కొట్టుకుని, మట్టి చల్లుకుని, ఏనుగులాగే తయారైంది. ఆ రోజు తలుపు తీయగానే మగఏనుగు తడిసిన నేల దగ్గర ఆగింది. తొండం చివర తాకించి నోట్లో పెట్టుకుంది. కదలకుండా నిలబడింది. తుమ్మలేదు. ఆ తరువాతి సంగతి నేను రాయను. కాక మాత్రం చెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు, పిల్లనిచ్చిన ఇంటి పెద్ద కదా. నేను కాగితం మీద సమయం రాసుకుంటూ, ఒకరి పెళ్లి కుదిరినప్పుడు ఒంటరి ఆడవాళ్లకు కలిగే సంతోషమే పడ్డాను. అది పూర్తిగా సంతోషం కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఆ తరువాత సోమవారాలు గడవడం కష్టమైంది. చుక్క పైకెక్కింది, అక్కడే ఉంది. దిగవలసిన వారం వచ్చింది, దిగలేదు. ఇంకో వారం, దిగలేదు. ఇంకో రెండు వారాలు చూసి డాక్టరు జంతుశాల అంతటికీ జిలేబీ పంచాడు. బస్తరులో మొదటి ఏనుగు పిల్ల మన దగ్గరే పుడుతుందని బోర్డు కూడా రాయించడానికి ఇచ్చాడు. ఇక పిల్ల ఎక్కడికీ పోదు, నేను గెలిచాననే అనుకున్నాను. కానీ కాక ముఖం వికసించలేదు. ఆయన చూస్తున్నది వేరు. మగఏనుగు కంచె పక్కన నిలబడి ఉన్నన్నాళ్లూ పిల్ల ఊగడం పూర్తిగా మానేసింది. రైలు కూతకు చెవి కూడా విప్పేది కాదు. ఆ ముసలి మగదానికి మదం వచ్చి దూరంగా గొలుసు వేయగానే, మరునాడే మళ్లీ మొదలుపెట్టింది. ఎడమకాలు, కుడికాలు.

సోమవారం రక్తం తీశాక కాక లాబ్‌కు వచ్చి కూర్చున్నాడు. నేను టీ పెట్టాను. "బిడ్డా, నీ కాగితాలల్ల ఏం రాసుందో నాకు దెల్వదు. ఒక్కతే పెరిగిన ఏనుగు, ఎప్పుడూ ఇంకో ఏనుగు కనంగ చూడంది, తొలిసారి ఒక్కతే కంటే ఏమైతది?" అని అడిగాడు. ఏమవుతుందో డాక్టరు బల్ల మీద పుస్తకంలో చదివాను. కింద పడింది తన బిడ్డేనని దానికి తెలియకపోవచ్చు. భయపడి తొక్కేయవచ్చు. చుట్టూ ఇదివరకే కన్న ఏనుగు తల్లులు ఉంటే నేర్పుతారు, బిడ్డను లేపి నిలబెడతారు. నేను తెలియదని అనవచ్చు. అంటే పిల్ల ఇక్కడే ఉంటుంది, కాక ఉంటాడు, సోమవారాలుంటాయి, పొద్దున టీ గ్లాసు పట్టుకుని వెళ్లడానికి నాకొక చోటుంటుంది. నిజం చెప్పడానికి నాకు టీ చల్లారేంత సేపు పట్టింది. చెప్పాను. కాక అంతా విని, గ్లాసు కడిగి బోర్లించి, "తొలి కాన్పు తల్లిగారింట్ల జరగాలె గదా. దీనికి తల్లి లేదు. ఆడోళ్లు నిండుగ ఉన్న ఇల్లు జూసి పంపాలె" అన్నాడు.

డాక్టరు ముందు ఎగిరిపడ్డాడు. "కాకా, గెలిచాం కదా, ఇప్పుడెవరైనా పంపుతారా?" అన్నాడు. కాక హిందీలో తడబడుతూ అదే మాట మళ్లీ చెప్పాడు, మొదటి కాన్పు, ఆడవాళ్లు, పెద్దవాళ్లు. ఆ కుర్రవాడు బల్ల మీది పుస్తకం పక్కకు జరిపి, పంపడానికి ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. ఆ పుస్తకం ఆయనదే కదా, ఆయనా చదివే ఉంటాడు. కడుపు నిలిచిన నాలుగో నెలలో రెండు లారీలు వచ్చాయి. వెళ్లేరోజు పొద్దున కాక నన్ను పిలిచి, "బీరువ తెరువు బిడ్డా" అన్నాడు. నేను ఫినాయిలు అనుకున్నాను. ఆయన మిగిలిపోయిన పసుపు పొట్లం అడిగాడు. చిటికెడు తీసి నాలుగు కాళ్ల గోళ్లకు అద్దాడు, అంతే. లారీకి ఆనించిన చెక్కల వాలు ఎక్కడానికి పిల్ల భయపడింది. కాక ముందు తానెక్కి లోపల గడ్డి మీద కూర్చుని, "దా" అన్నాడు. ఎక్కింది. ఇద్దరూ కలిసే వెళ్లారు. గేటు దగ్గర నేనొక్కదాన్నే నిలబడ్డాను. ఏడ్చాను, దాచుకునేదేముంది.

అక్కడే ఉండిపోతాడని, అక్కడివాళ్లు ఉండమంటున్నారని విన్నాను. తొమ్మిదో రోజు పొద్దున గేటులోంచి నడిచొచ్చాడు, చేతిలో తువ్వాలు తప్ప ఏమీ లేదు. ఆకురాయీ పీటా అక్కడి మావటికి ఇచ్చి వచ్చాడట. "మూడు దినాలు ఆడఏనుగులు కంచె అవతలికెల్లి చూసినయి. నాలుగోనాడు ముసల్ది వచ్చి దీని నోట్ల తొండం పెట్టింది" అన్నాడు. "మరి ఉండిపోక ఎందుకొచ్చినవు కాకా?" అన్నాను. "నేను కనబడితే ఇది నా దిక్కే వస్తది, వాళ్ల దిక్కు పోదు. నాలుగు దినాలు గోడెనక కూసొని చూసిన. తరువాత గోడెనక కూడ వద్దనిపించింది. నా వాసన తెలుస్తది గదా." ఆ మాట అని, బీరువా తాళంచెవి అడిగి, ఫినాయిలు తీసుకుని, ఖాళీ ఏనుగుశాల పొద్దుపోయేదాకా కడిగాడు. ఆ తరువాత రిటైరయ్యేదాకా ఆయన్ను జింకల దగ్గర వేశారు. సోమవారాలు మాత్రం పది గంటలకు లాబ్‌కు వచ్చి కూర్చునేవాడు. ఇద్దరం టీ తాగేవాళ్లం.

గున్న పుట్టేనాటికి కాక ఆవపల్లి వెళ్లిపోయాడు. భాయి నా ఫోనుకు వీడియో పంపాడు. కాక ఊళ్లో ఫోన్లు పనిచేయవు. ఒకరోజు సెలవు పెట్టి బస్సెక్కి, ఆవపల్లిలో దిగి, మిగతా దారి నడిచి వెళ్లాను. ఆయన ఇప్పచెట్టు కింద పూలు ఏరుకుంటున్నాడు. ఫోను కొంగుచాటున పెట్టి, ఎండ పడకుండా చూపించాను. బూడిదరంగు గున్న ఒకటి పడుతూ లేస్తూ, తల్లి కాళ్ల మధ్యలో నిలబడుతోంది. కాక గున్నను చూడలేదు. చుట్టూ ఉన్న కాళ్లు వేలు పెట్టి లెక్కపెట్టాడు. "ఇవి నాలుగు, ఇవి ఎనిమిది, పన్నెండు... ఐదుగురున్నరు" అన్నాడు తృప్తిగా. మళ్లీ వేయమన్నాడు. "గోళ్లు ఎవరో మంచిగనే గీకుతున్నరు" అన్నాడు. మూడోసారి చూశాక అడిగాడు. "మనల్ని అడిగిందంటనా?" ఏనుగు ఎలా అడుగుతుందని నేననలేదు. "అడిగిందంట కాకా. రైలు కూసినప్పుడల్లా ఇటు చూస్తదంట" అన్నాను. ఆయన నా ముఖం చూసి నవ్వాడు. "అబద్ధం నీకు చాతగాదు బిడ్డా. అడగలేదు. అడగొద్దనే గదా పంపింది" అన్నాడు. తిరిగొస్తుంటే నా సంచిలో గుప్పెడు ఇప్పపువ్వు పోశాడు. ఆయన్ను నేను చూడడం అదే ఆఖరు. మరుసటి వానాకాలం పోయాడని, అదీ రెండు నెలలు ఆలస్యంగా, సంతకు వచ్చినవాళ్లు చెప్పారు.

పెళ్లివారింటి నుంచి వచ్చి చేతులు కడుక్కున్నాను గానీ, గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు. ఇప్పుడు నేనుండే ఇల్లు స్టేషన్‌కు మరీ దగ్గర. రోజూ పొద్దున రైలు కదిలేటప్పుడు కూత వేస్తుంది, కిటికీ అద్దాలు కొంచెం అదురుతాయి. ఇంట్లో ఎవరూ లేరు, సిగ్గుపడే పనిలేదు, గొంతు లోపలినుంచి "ఊఁ" అంటాను. రైలు నా జవాబు కోసం ఆగదని నాకు తెలుసు. ఆగకపోతే ఏంది, రేపు మళ్లొస్తది గదా.